దూడ కంట్లో పువ్వు పడితే

పల్లెల్లో దూడ నల్లగుడ్డు మీద తెల్లమచ్చ ఏది కనిపించినా ‘కంట్లో పువ్వు పడింది’ అనే ఒక్క మాటతో సరిపెడతారు. ఆ మాట కింద గడ్డిపరక గుచ్చుకున్న గాయం ఉండవచ్చు, ఈగలు మోసుకొచ్చిన అంటు కండ్లకలక ఉండవచ్చు, రెప్ప కింద దాగిన పురుగులు ఉండవచ్చు, ఒళ్లంతా పట్టిన పిడుదుల జ్వరం కూడా ఉండవచ్చు. వీటిలో ఒకదానికి పనిచేసే మందు ఇంకొకదానికి పనిచేయకపోవడం అలా ఉంచి, కన్నును పూర్తిగా పోగొట్టే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి కంట్లో ఏదైనా వేయడానికి ముందు కన్నును చూడడం నేర్చుకోవాలి. ఆ పనికి పట్టేది పది నిమిషాలే అయినా, చాలామంది రైతులు వదిలేసేది సరిగ్గా అదే.

దూడను ఎండలో నిలబెట్టి కన్ను చూడకూడదు. నొప్పి ఉన్న కన్ను వెలుగు తగిలితే గట్టిగా మూసుకుంటుంది, బలవంతంగా తెరిస్తే దూడ తల విదిలించి గాయాన్ని పెంచుకుంటుంది. కొట్టంలో నీడపట్టున, దూడ పిరుదులు గోడ మూలకు ఆనేలా నిలబెట్టి, ఒకరు దాని మెడను తమ తొడకు ఆనించుకుని, దవడ కింద చెయ్యి వేసి తలను కొద్దిగా పక్కకు తిప్పి పట్టుకోవాలి. రెండోవారు చేతులు సబ్బుతో కడుక్కుని, బొటనవేలితో కింది రెప్పను కిందికి లాగి, చూపుడువేలితో పైరెప్పను పైనున్న ఎముక అంచు మీదికి ఎత్తాలి. వేళ్ల బరువు ఎముక మీద పడాలి గాని కనుగుడ్డు మీద పడకూడదు. టార్చి వెలుగు ఎదురుగా కాక పక్కనుంచి వేయాలి. ఆరోగ్యంగా ఉన్న నల్లగుడ్డు మీద ఆ వెలుగు చిన్న చుక్కగా, అంచులు చెదరకుండా మెరుస్తుంది. టార్చిని మెల్లగా జరుపుతూ పోతే ఆ చుక్క ఒకచోట చెదిరి, కదిలిన నీళ్లలో దీపపు నీడలా ముక్కలు ముక్కలైతే, అక్కడ పైపొర లేచిపోయి పుండు పడిందని అర్థం. తెల్లమచ్చ ఇంకా ఏర్పడకముందే, మొదటి రోజే, పుండును పట్టిచ్చే గుర్తు ఇది.

చూస్తున్నంతసేపూ మూడు ప్రశ్నలు మనసులో ఉండాలి. జబ్బు ఒక కంటికా, రెండు కళ్లకా? కంట్లో నొప్పి ఉందా, లేదా? దూడకు జ్వరం, పారుడు, మేత మానడం వంటివి ఉన్నాయా? నొప్పి ఉన్న కన్ను సగం మూసుకుని ఉంటుంది, వెలుగును తప్పించుకుంటుంది, కంటి మూల నుంచి చెంప మీదికి నీరు కారి, ఆ తడికి దుమ్ము అంటుకుని నల్లని చార కడుతుంది. ఒక్క కన్ను ఇలా నీరు కారుతుంటే గాయం, నలక, అంటు కండ్లకలక, పురుగు అనే దారిలో ఆలోచించాలి. రెండు కళ్లూ బాగా తెరుచుకునే ఉండి, నీరు లేక, ఎర్రదనం లేక, దూడ మాత్రం గాబుకు కొట్టుకుంటుంటే జబ్బు కంట్లో లేదు, మేతలోనో మెదడులోనో ఉంది. రెండు కళ్లతో పాటు జ్వరం కూడా ఉంటే కంటి మందును పక్కనబెట్టి ముందు ఒళ్లు చూడాలి. దూడకు 101.5 నుంచి 103 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు మామూలు వేడే. అంతకు మించితే, అదీ నీడలో నిలబెట్టి చూసినప్పుడు మించితే, జ్వరంగానే లెక్కించాలి.

చూపు ఉందో లేదో తెలుసుకోవడానికి కంటి ముందు చెయ్యి ఊపడం అందరూ చేసే పనే గాని, చేతి గాలి తగిలినా రెప్ప పడుతుంది కాబట్టి దాన్ని నమ్మలేము. పైగా పుట్టిన కొద్దిరోజుల లేగదూడ చూపు ఉన్నా చేతికి బెదరదు. చప్పుడు చేయని దూదిముద్దను కంటి ముందునుంచి జారవిడిచి, చూపు దాని వెంట పోతుందేమో చూడడం మేలు. పెద్ద దూడనైతే పలుపు వదులుగా పట్టుకుని, అలవాటు లేని చోట దారికి అడ్డంగా ఒక గడ్డిమోపు పెట్టి నడిపించాలి. ఇదే పరీక్షను పట్టపగలు ఒకసారి, చీకటిపడ్డాక ఒకసారి చేస్తే రేచీకటి కూడా బయటపడుతుంది.

చూడడం అయ్యాక కడగడం. మందుల దుకాణంలో దొరికే నార్మల్ సెలైన్ సీసా ఇందుకు అన్నిటికంటే అనువైనది. అది లేకపోతే లీటరు నీటిని బాగా మరిగించి, తొమ్మిది గ్రాముల ఉప్పు, అంటే నెత్తి కొట్టిన ఒకటిన్నర చిన్న చెంచా, కలిపి పూర్తిగా చల్లార్చాలి. సూది తీసేసిన సిరంజితో ఆ నీటిని కంటి లోపలి మూల నుంచి బయటి మూలవైపు మెల్లగా పోయాలి. ఎండిపోయిన పుసిని గోటితో గీకకుండా తడి దూదిని కాసేపు అద్ది ఉంచితే అదే నానుతుంది. ఒకసారి తుడిచిన దూదిని పారవేయాలి. భుజం మీది తువ్వాలుతోనే ఒక దూడ కన్ను, ఆ వెంటనే పక్క దూడ కన్ను తుడవడం చాలా కొట్టాల్లో కనిపిస్తుంది. అంటు కండ్లకలకకు అంతకంటే మంచి వాహనం ఇంకొకటి లేదు.

కడిగేటప్పుడే నలక ఉంటే బయటపడుతుంది. వరిగడ్డి వాముల దగ్గర, నూర్పిళ్ల రోజుల్లో, ఊక, గడ్డిపరకలు, ముళ్లు దూడల కళ్లలో పడడం సర్వసాధారణం. అవి ఎక్కువగా కింది రెప్ప మడతలోనో, లోపలి మూలనున్న మూడో రెప్ప వెనకనో చిక్కుకుంటాయి. నీటి ధారకు కదిలినదాన్ని తడి దూది కొసతో తీయవచ్చు. నల్లగుడ్డులోనే గుచ్చుకుని ఉన్నదాన్ని మాత్రం ఇంట్లో లాగకూడదు. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, అంటే కార్నియా, మందం సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. లోతుగా దిగిన ముల్లు లాగితే ఆ రంధ్రంలోంచి కంటి నీరంతా కారిపోతుంది. దాన్ని పశువైద్యుడే మత్తుచుక్కలు వేసి తీయాలి.

ఇక దూడల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే అంటు కండ్లకలక సంగతి. దీనికి ముఖ్యకారణం మొరాక్సెల్లా బోవిస్ అనే బాక్టీరియా. ఈగలు రోగి కంటి నీరు పీల్చి ఇంకొక దూడ కంటి మీద వాలడం వల్ల, చేతుల వల్ల, గుడ్డల వల్ల ఇది పాకుతుంది. తీవ్రమైన ఎండ, దుమ్ము, మొహానికి తగిలే ఎత్తైన గడ్డి కంటి పైపొరను గరుకు చేసి దీనికి దారి ఇస్తాయి. పెద్ద పశువుల కంటే దూడలకే ఎక్కువగా వస్తుంది. మొదటి ఒకటి రెండు రోజులు నీరు కారడం, కన్ను మూసుకోవడం తప్ప ఏమీ కనిపించదు. తరవాత నల్లగుడ్డు నడిమధ్యన చిన్న పుండు, దాని చుట్టూ పాలు కలిపినట్లు మసక వస్తాయి. చికిత్స లేకపోతే మసక నల్లగుడ్డంతా కమ్ముతుంది, పుండు లోతై కొన్నిటిలో కన్ను పగిలిపోతుంది.

ఈ జబ్బు మానే తీరు తెలియక చాలామంది మధ్యలో మందు మారుస్తారు. నల్లగుడ్డులో మామూలుగా రక్తనాళాలు ఉండవు. పుండు మానాలంటే చుట్టూ ఉన్న తెల్లగుడ్డు అంచు నుంచి సన్నని రక్తనాళాలు నల్లగుడ్డులోకి పాకి, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పుండును చేరుకోవాలి. అప్పుడు కంటి చుట్టూ ఎర్రటి వలయం కడుతుంది, నిన్నటి తెల్లమచ్చ నేడు ఎర్రబడుతుంది. చూసేవారికి జబ్బు ముదిరినట్లు అనిపిస్తుంది గాని, నొప్పి తగ్గి, దూడ కన్ను తెరుస్తూ ఉంటే ఆ ఎరుపు మానుతున్నదానికి గుర్తు. పుండు పూర్తిగా పూడడానికి మూడు నుంచి ఐదు వారాలు పడుతుంది, మచ్చ పలచబడడానికి నెలలు పడుతుంది. కొన్నిటిలో చుక్కంత తెలుపు జీవితాంతం మిగిలినా చూపుకు పెద్ద లోటు ఉండదు.

మందు విషయానికి వస్తే, కంట్లో పెట్టే టెట్రాసైక్లిన్ లేపనం పనిచేస్తుంది గాని కంటి నీరు దాన్ని త్వరగా కడిగేస్తుంది కాబట్టి రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టాలి. కింది రెప్పను లాగి, ఆ మడతలో రెండు మూడు బియ్యపుగింజల పొడవంత లేపనం వేసి, రెప్ప మూసి అర నిమిషం పట్టుకోవాలి. ట్యూబు మూతి కంటికి తగలకూడదు. పొలం పనుల మధ్య నాలుగుసార్లు కుదరదని నిజాయితీగా అనుకుంటే, పశువైద్యుడితో దీర్ఘకాలం పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ సూదిమందు వేయించడం మేలు. కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల చొప్పున కండకు వేస్తారు. మిల్లీలీటరుకు 200 మిల్లీగ్రాములున్న మందైతే 60 కిలోల దూడకు 6 మిల్లీలీటర్లు వస్తుంది. ఆ మందు కంటి నీటిలోకి కూడా చేరుతుంది. అవసరమైతే మూడు రోజులకు మరొకసారి వేస్తారు. పుండు లోతుగా ఉంటే కంటి పొర కింద సూది వేయడమో, మూడో రెప్పను పైకి లాగి తాత్కాలికంగా కుట్టడమో వైద్యుడు నిర్ణయిస్తాడు. వెలుగు పడకుండా ముదురురంగు మందపాటి గుడ్డను కంటి చుట్టూ ఉన్న వెంట్రుకలకు జిగురుతో అంటించి, నీరు కారడానికి అడుగున కొంత వదిలిపెట్టడం కూడా మంచి ఉపాయమే. ఈగలూ రావు, నొప్పీ తగ్గుతుంది.

ఒక్క హెచ్చరిక ఇక్కడ గట్టిగా చెప్పాలి. ఇంట్లో ఎవరికో వాడగా మిగిలిన కంటిచుక్కల సీసా మీద డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ అనే పేర్లలో ఏది కనిపించినా దాన్ని దూడ కంట్లో వేయకూడదు. ఇవి స్టెరాయిడ్లు. ఎరుపును ఒక్కరోజులో తగ్గిస్తాయి కాబట్టి మందు భలే పనిచేసిందనిపిస్తుంది. కాని పుండును పూడ్చవలసిన రక్తనాళాలను అవే ఆపుతాయి, పుండు లోలోపల కరుగుతూ పోయి నాలుగో రోజుకో ఐదో రోజుకో కన్ను పగులుతుంది. మా కొట్టంలో ఒక పెయ్యదూడ కన్ను సరిగ్గా ఇలాగే పోయింది, ఆ చుక్కలు వేసింది నేనే. పశువైద్యుడు ఫ్లోరెసిన్ రంగు కాగితాన్ని కంటికి తాకించి చూస్తాడు. పుండు ఉన్నచోట అది పచ్చగా మెరుస్తుంది. ఆ పరీక్షలో పుండు లేదని తేలాకే స్టెరాయిడ్ మాట. ఇక ఉప్పు నమిలి కంట్లో ఉమ్మడం, పొగాకు రసం, జిల్లేడు పాలు, గాజుపొడి, కంటి పక్కన వాత పెట్టడం వంటివి ఎంత పాతవైనా అవి పుండు మీద పుండు పెట్టేవే. జిల్లేడు పాలు ఒక్కటి చాలు, మంచి కన్ను కూడా పోతుంది.

నీరు కారడం వారాల తరబడి తగ్గకుండా, లేపనాలకు లొంగకుండా ఉంటే కంటి పురుగును అనుమానించాలి. థెలేజియా అనే ఈ పురుగులు ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవున, తెల్లని కుట్టుదారం ముక్కల్లా, మూడో రెప్ప వెనక, రెప్పల మడతల్లో ఉంటాయి. వీటినీ ఈగలే మోస్తాయి. రెప్ప ఎత్తి టార్చి వేసినప్పుడు వెలుగుకు దారం మెలికలు తిరుగుతూ మడతలోకి జారుకోవడం ఒకసారి చూసినవారు మరిచిపోలేరు. మత్తుచుక్కలు వేసి శ్రావణంతో తీయడం, సెలైన్‌తో కడగడం, లెవామిసోల్ గాని ఐవర్‌మెక్టిన్ గాని దూడ బరువును బట్టి ఇవ్వడం దీనికి చికిత్స. పురుగు మడతల్లో కాక నల్లగుడ్డు వెనక, కంటి నీటి లోపల ఈదుతూ కనిపిస్తే అది వేరే జాతి. దాన్ని శస్త్రచికిత్సతోనే తీయాలి, రెప్పల్లో ఏ మందు వేసినా చేరదు.

నొప్పి లేని గుడ్డితనానికి మన ప్రాంతాల్లో మొదట వెతకవలసిన కారణం విటమిన్ ఏ లోపం. తెల్లబడిన వరిగడ్డిలో, తవుడులో ఒంట్లో విటమిన్ ఏగా మారే కెరోటిన్ దాదాపు ఉండదు. పచ్చిమేత దొరకని కరువు నెలల్లో చూడిపశువు నెలల తరబడి ఎండుగడ్డి మీదే బతికితే దాని కాలేయంలోని నిల్వ తరిగిపోతుంది, దూడ లోపంతోనే పుడుతుంది. ఆ లోపాన్ని పూడ్చవలసినవి ముర్రుపాలు. వాటినీ జున్నుకని పిండుకుని, తరవాత పాలన్నీ కేంద్రానికి పోసి, దూడకు పొదుగు చివరి చుక్కలు మిగిల్చే ఇళ్లలో రేచీకటి దూడలు కనిపించడంలో వింత లేదు. ఇలాంటి దూడ పగలు మామూలుగా తిరుగుతుంది, మునిమాపు వేళ మాత్రం గుంజకు, గాబుకు తగులుతుంది. వెంట్రుకలు గరుకెక్కి, చర్మం మీద ఊకలాంటి పొట్టు లేస్తుంది, తరచూ పారుడో దగ్గో పట్టుకుంటుంది, కొన్నిటికి ఉన్నట్టుండి మూర్ఛ వస్తుంది.

ఇక్కడ ఆలస్యం ఎందుకు పనికిరాదో తెలిస్తే ఎవరూ ఆలస్యం చేయరు. విటమిన్ ఏ లేనప్పుడు ఎదిగే దూడ పుర్రెలో ఎముక సరిగ్గా మలుచుకోక, కంటి నరం బయటికి వచ్చే రంధ్రం ఇరుకవుతుంది, నరం నొక్కుకుపోతుంది. రేచీకటి దశలో మందు పడితే చూపు తిరిగి వస్తుంది. నరం నొక్కుకుపోయి పట్టపగలు కూడా కంటిపాప విప్పారి, టార్చి వేసినా ముడుచుకోని దశకు వస్తే ఎంత విటమిన్ ఇచ్చినా చూపు రాదు. కిలో బరువుకు సుమారు 440 యూనిట్ల చొప్పున విటమిన్ ఏ సూదిమందు వేస్తారు. నూనెలో కలిపినదాని కంటే నీటిలో కలిసేది త్వరగా ఒంటబడుతుంది. తరవాత నిలబెట్టవలసింది మేతే. అవిశ, సుబాబుల్, మునగ ఆకు, పిల్లిపెసర, అలసంద, లూసర్న్‌లలో ఏది అందుబాటులో ఉంటే అది రోజూ కొంత పెట్టాలి. గట్టు మీద నాలుగు అవిశ చెట్లు ఉంటే వేసవిలో రెండు మూడు దూడలకు ఆ కొరత తీరుతుంది. పుట్టిన రెండు గంటల లోపు ముర్రుపాలు పట్టడం, తొలిరోజు మొత్తం మీద దూడ బరువులో పదోవంతు తాగేలా చూడడం అన్నిటికంటే చౌకైన చికిత్స.

కంటిపాప వెలుగుకు ముడుచుకుంటూనే ఉన్నా దూడకు చూపు లేకపోతే లోపం మెదడులో ఉంది. దూడ తలను గోడకు ఆనించి నిలబడడం, పళ్లు కొరకడం, తూలడం తోడైతే థయమిన్ (విటమిన్ బి1) లోపం, లేదా సీసపు విషం కావచ్చు. దూడలకు దేన్నైనా నాకే అలవాటు ఉంటుంది కాబట్టి పాత బ్యాటరీలు, రంగు డబ్బాలు కొట్టం దరిదాపుల్లో ఉంచకూడదు. ఇది గంటల్లో వైద్యం అందవలసిన స్థితి.

పిడుదులున్న సంకరజాతి దూడకు 105 డిగ్రీల జ్వరంతో పాటు భుజం ముందు బిళ్ల ఉబ్బి, కనుగుడ్డు బయటికి పొడుచుకొస్తే థైలేరియాసిస్ అనే పిడుదుల జ్వరాన్ని తలుచుకోవాలి. కంటి లేపనంతో రెండు రోజులు గడిపితే దూడే దక్కదు. రక్తపరీక్ష చేయించి, కిలోకు 2.5 మిల్లీగ్రాముల బుపార్వాక్వోన్ వేయించాలి. 2022లో దేశమంతా పాకిన ముద్దచర్మ వ్యాధిలోనూ ఒంటి మీద గడ్డలతో పాటు కళ్లలో పుండ్లు, మసక వచ్చాయి. అలాంటి దూడను వెంటనే వేరుచేయాలి. కింది రెప్ప లోపలి పొర తెల్లగా పాలిపోతే రక్తహీనత, పసుపుపచ్చగా ఉంటే కామెర్లు, పారుడు పట్టిన దూడ కళ్లు గుంటలు పడితే ఒంట్లో నీరు తగ్గిందని తెలుసుకోవాలి. వీటిలో ఏదీ కంటి జబ్బు కాదు.

పుట్టుకతోనే నల్లగుడ్డు మీద వెంట్రుకలతో చర్మపు ముక్క మొలిచి ఉంటే, అవి పొడవు పెరిగి రాత్రింబవళ్లు కంటిని గీకుతాయి. కత్తెరతో వెంట్రుకలు కత్తిరించడం వల్ల లాభం లేదు, ఆ ముక్కను శస్త్రచికిత్సతో తీయించాలి. తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి, రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరులలోని పశువైద్య కళాశాలల్లో దేనికైనా తీసుకుపోవచ్చు. ఊరికి వైద్యుడు రావలసి వస్తే 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

ఈగల పని పట్టకపోతే ఒక దూడ కన్ను మానేలోపు ఇంకొకటి మొదలవుతుంది. వేసవిలో ఈగ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా పది రోజులు కూడా పట్టదు కాబట్టి పేడను రోజూ ఎత్తి కొట్టానికి దూరంగా వేయాలి, దూడలు కట్టే నేల పొడిగా ఉంచాలి. మందు పిచికారీ చేస్తే మొహానికి కాకుండా వీపుకు, గోడలకు చేయాలి. సాయంత్రం వేపాకు పొగ వేసే అలవాటు మంచిదే గాని, కిటికీలు మూసిన కొట్టంలో ఆ పొగ, మూత్రపు ఘాటు కలిసి దూడల కళ్లను ఈగలకంటే ఎక్కువగా పాడుచేస్తాయి. పొగ గాలివాలుకు బయట వేస్తే చాలు. మందు పెట్టేటప్పుడు ముందు బాగున్న దూడల పనులు ముగించి, చివర జబ్బుదాని దగ్గరికి పోవాలి.

కన్ను పగిలి గుడ్డు బయటికి వచ్చినా, లోపలంతా చీముపట్టినా మందులతో లాభం లేదు. వైద్యుడు ఆ కన్ను తీసి రెప్పలు కుట్టేస్తాడు, రెండు మూడు వారాల్లో గాయం మాని దూడ మళ్లీ మేతకు పుంజుకుంటుంది. ఒంటికన్ను పెయ్య మామూలుగానే ఎదిగి, ఎదకొచ్చి, ఈని పాలిస్తుంది. దాన్ని కట్టేటప్పుడు మాత్రం చూపున్న కన్ను మనుషులు నడిచే వైపు ఉండేలా కట్టాలి, గుడ్డి కంటి వైపునుంచి పోవలసి వస్తే ముందు మాటతో పలకరించి అప్పుడు చెయ్యి వేయాలి.